ఎల్కానో తల్లి

పాతపట్నానికి ఇవతల ఒక పల్లె. వేసవి, మిట్టమధ్యాహ్నం. పెరట్లో పశువులశాల పక్కన తండ్రీ కూతురూ. కూతురి చేతిలో ఫోను మోగుతోంది.

"ఎత్తకు. ఇంకో రెండుపాలు మోగి అదే ఊరుకుంటాది."

"ఊరుకోదు నాన్నా. పొద్దున్నించి ఇది నాలుగోపాలి. ఎత్తకపోతే బావకి అనుమానం రాదేటి?"

"ఎత్తితే మాత్రం ఏటి సెప్తావు?"

"అదే నిన్నడుగుతన్నాను."

"ఏటీ సెప్పకు. అందరం అనుకున్నదే. బుధవారం వాయిదా అయిపోనీ. ఓడ దిగిపొమ్మని కోర్టోడు కాయితం ఇచ్చీసినాక, మీ బావ ఇమానం ఎక్కీసినాక, అప్పుడు నానే సెప్తాను. మేనమావని. నా నోటితో నానే సెప్తాను."

"అత్త పోయి పదకొండు రోజులైంది నాన్నా. పదకొండు రోజుల్నుంచీ బతికున్న మనిసి గురించి సెప్పినట్టు సెప్తన్నాను. పడుకుందంటాను, సంతకెల్లిందంటాను, తానం సేస్తన్నాదంటాను. ఒక మనిసి రోజుకి ఎన్నిపాలు తానం సేస్తాది?"

"మరేటి సేద్దామంటావు? ఆడన్న మాట మరిసిపోయావా? అమ్మకేటైనా అయితే ఈ ఓడ మీదుండను, నీల్లల్లోకి దూకేస్తాను అన్నాడా లేదా?"

"అన్నాడు."

"ఎన్నిపాలన్నాడు?"

"రెండుపాలు."

"అక్కడ ఒక్కడే ఉన్నాడు. సెయ్యట్టుకోని ఆపడానికి పక్కన మనిసి లేడు. నీకు మొగుడు కావాలా, నిజం కావాలా? అదొక్కటి సెప్పు నాకు."

"అంత బయం ఉన్నోడివి, మరి ఆ కార్డేటి నాన్నా? ఊరందరి నోల్లూ కట్టీసి, పెద్దకర్మ కార్డు మీద 'ఆహ్వానించువారు గిరిబాబు' అనీసి నువ్వే కదేటి అచ్చేయించావు."

"మరెవుడి పేరెయ్యాల? ఒక్కగానొక్క కొడుకు బతికుండగా, నిప్పెట్టినాడు కదా అనీసి దాయాది గోపీగాడి పేరేస్తామా? మా అప్ప ఒప్పుతాదా? పైనున్నా ఒప్పదు."

"ఆ గోపీగాడే కదా ఆదివారం దాన్ని ఫోన్లో స్టేటస్ ఎట్టినాడు."

"తీయించీసినాను గదా. పది నిమిషాలు లేదు. సముద్రం మీదున్నోడు ఎక్కడ సూస్తాడు? ఆడికి సిగ్నలే ఉండదు."

"మల్లా మోగుతన్నాది."

"సరే, ఎత్తు. ముందు ముక్కు సీదుకో. గొంతు సరిసేసుకో."

"వంటోల్లు గిన్నెలు పడేస్తన్నారు సూడు. ఆలని కూసింత సేపు ఊరుకోమను."

"రెండోబంతి కూకుంది, ఎలా ఊరుకోమంటానే? సూరయ్యింట్లో గృహప్రవేశం అని సెప్పు. ఎత్తు, ఎత్తు."

"బావా."

"ఏటే బవానీ, ఎన్నిపాలు సేసినా ఎత్తవు?"

"పెరట్లో ఉన్నాను బావా. గేదెకి కుడితి ఎడతన్నాను. నువ్వేటి ఈయేల ఇంత పెందలకడ? నీకక్కడ ఇంకా ఏడు కూడా అవ్వలేదు కదా."

"నిద్ర పట్టలేదు. లెగిసిపోయాను. నీల్లోసుకున్నాను, అన్నం వండేను."

"పొద్దున్నే అన్నమా?"

"మొన్న ముసలాయన పడవలో బియ్యం తెచ్చాడు. ఉన్నాయి కదా అని వండేను. ఓ ముద్ద ఓడ అంచు మీద ఎట్టాను. ఇక్కడ కాకులుండవు కదే. తెల్లటి పిట్టలు, ఇంతేసి ఉంటాయి. ఒకటొచ్చి సుట్టూ తిరుగుతాది, ముట్టదు. సానాసేపు ముట్టనేదు. బతిమాలేను, అప్పుడు తినీసింది."

"పిట్టని బతిమాలడమేటి బావా?"

"బతిమాలడానికి ఇక్కడ ఇంకెవులున్నారే?"

"నువ్వు తిన్నావా మరి?"

"తిన్నాను. అది తిన్నాకే తిన్నాను."

"వీడియో ఎట్టు బావా. నీ మొకం సూసి వారం దాటిపోయింది."

"నెట్టు లేదు. జనరేటరు లేదు, ఏటీ లేదు. ముసలాయన పడవలో బేటరీ తెచ్చి సార్జి ఎట్టిస్తే ఈ మాటైనా. ఆ సప్పుడేటి అక్కడ?"

"ఏ సప్పుడు?"

"గిన్నెల సప్పుడు. జనాలు."

"అదా. సూరయ్య మావింట్లో గృహప్రవేశం."

"సూరయ్య ఇల్లు కట్టేడా? ఆయన్ది రేకుల సెడ్డు కదా."

"తీసీసినాడు. స్లాబేసినాడు."

"ఎప్పుడు?"

"మొన్న."

"మొన్న స్లాబేసి ఈయేల గృహప్రవేశమా?"

"సూరయ్య మావ సంగతి నీకు తెల్సు కదా. అన్నీ తొందరే."

"అవునవును. ఏటి వండేరు?"

"గారెలు, పులిహోర, పనసకాయ కూర, పప్పు..."

"పనసకాయ కూరా. అమ్మకి ప్రాణం కదే. అమ్మకి ఎట్టారా?"

"ఎట్టారు బావా."

"ఎవులికన్నా ముందు ఎట్టారా?"

"ముందు అత్తకే ఎట్టారు. ఆ తరవాతే బంతి కూకుంది."

"ఆకులోనా?"

"ఆకులోనే."

"మంచిది. కడుపునిండా తిననీ. కలెక్టరాపీసుకెల్లిన ఆ సోమారాలన్నీ మాడిన కడుపుతోనే బస్సెక్కీది. ఏదీ, అమ్మకి ఓపాలి ఇయ్యి ఫోను."

"అత్త ఇక్కడ లేదు బావా. సూరయ్య మావింట్లో ఉంది. పెద్దది కదా అని కూకోబెట్టీసినారు. ఇప్పుడు లెగదు."

"లెగదులే. పోనీ."

"ఇటియ్యే, నాను మాటాడతాను... ఏరా అల్లుడా."

"మావా. గొంతేటి అలాగున్నాది?"

"పడిసెం రా. మంచు."

"ఈ ఎండల్లో మంచేటి మావా?"

"ఈ ఏడు అన్నీ అడ్డదిడ్డంగా ఉన్నాయి. నువ్వెలాగున్నావు? బుధవారం వాయిదా కదా. ఈపాలి ఒగ్గేస్తారు. నాను సెప్తన్నాను కదా, ఈపాలి ఒగ్గేస్తారు."

"పోయినపాలి కూడా సెప్పినావు మావా."

"పోయినపాలి వేరు. ఈపాలి మన కలెక్టరాపీసు నించి కాయితం డిల్లీ ఎల్లింది. డిల్లీ నించి మీ కాడికి ఎల్తాది. మీ అమ్మ సేత నానే దగ్గరుండి అర్జీ ఎట్టించేను గదా."

"అదే సెప్దామనుకున్నాను మావా. నువ్వు అమ్మకి తమ్ముడివే గానీ కొడుకు సేసినట్టు సేసినావు. నేను సెయ్యాల్సినవన్నీ నువ్వే దగ్గరుండి సేసినావు."

"నానేటి సేసినానురా? బస్సెక్కించీవోన్ని, దింపీవోన్ని. అంతే."

"దింపినావు కదా మావా. సాలు."

"ఎండకి ఫోను ఎచ్చగా అయిపోతన్నాది. పిల్లకిస్తన్నాను, ఉండు."

"ఏటైంది నాన్నా? అలా సూస్తావేటి?"

"ఏటో, ఆడి మాటలు నాకు తిన్నగా లేవు. నువ్వే మాటాడు."

"ఆ, బావా."

"మావ ఎల్లిపోయాడా?"

"ఇక్కడే ఉన్నాడు. సుట్ట కాల్సుకుంటన్నాడు."

"అమ్మకి నేనొక మాటిచ్చానే. కనుక్కోని సెప్తానని. ఎల్కన్న తల్లి సంగతి."

"ఓ, ఎల్కన్నా. అత్త రోజూ ఆ పేరే అనీది... అంటాది. ఎల్కన్న వచ్చాడు కదే, మనోడు రాడేటి అంటాది. నాకు సగం సగమే సెప్పింది. అసలు ఎవుడు బావా ఆడు? అది మనోల పేరులాగే ఉన్నాది."

"ఎల్కన్న కాదు, ఎల్కానో. అమ్మే అలా మార్సింది. నాకు నీల్లు, బియ్యం తెస్తాడే ముసలాయన, ఇనాకీ, ఆయన్ది ఈ దేశం కాదు, స్పెయిను. సముద్రం ఒడ్డు పల్లె, గెటారియా అనీసి. ఎల్కానోదీ ఆ ఊరే. ఐదొందల ఏల్ల కిందటి మనిసి. నాలుగేల్లకోపాలి ఆ ఊరోల్లు ఆడి ఏసం, ఆడితో వచ్చినోల ఏసాలు కట్టి, పడవలోంచి దిగినట్టు ఆడతారంట, మన బాగోతంలాగ. ముసలాయన కుర్రప్పుడు ఒకపాలి ఏసం కట్టినాడంట. ఒల్లంతా బూడిద పూసుకోని, సచ్చీవోడిలాగ తూలుతూ దిగాలంట."

"ఎక్కణ్ణించి దిగినాడు ఆ ఎల్కానో?"

"బూమంతా సుట్టొచ్చి దిగినాడు. అయిదు ఓడలు బయలెల్లినాయి. రెండొందల నలబైమంది దాకా. మిరియాలు, లవంగాలు తెద్దామని ఎల్లారు. పెద్ద కెప్టెను మాజెల్లాను అనీసి, ఆడు తోవలోనే ఎవులి గొడవలోకో ఎల్లి సచ్చిపోయాడు. ఓడలు ఒకొక్కటీ పోయినాయి. ఎల్కానో మొదట కెప్టెను కాడు. పెద్దోల్లందరూ పోయాక, మిగిలిన ఓడ ఆడి సేతిలో పడింది. మూడేల్లకి ఒక్క ఓడ తిరిగొచ్చింది. దిగినోల్లు పద్దెనిమిదిమంది. బూమి సుట్టొచ్చిన మొదటోల్లు ఆలే."

"దిగ్గానే సెప్పుల్లేకండా, సేతుల్లో కొవ్వొత్తులట్టుకోని గుడికెల్లారంట కదా. అది ఇన్నకాణ్ణించి అత్త కూడా మొక్కీసింది. నువ్వొచ్చినరోజు సీకాకులం బస్టాండు నించి అరసవల్లి దాకా సెప్పుల్లేకండా నడుస్తానని."

"నడిసీది."

"ఏటి?"

"నడుస్తాది అన్నాను. మాట తెగిపోతన్నాది."

"నీకు ఆడి కత నచ్చిందా బావా?"

"నచ్చడానికేటి, నా కతే కదా. కెప్టెను ఎల్లిపోయాడు, ఇంజినీరు ఎల్లిపోయాడు, ఒడియా వంటోడు కూడా ఎల్లిపోయాడు. వెల్డింగోడు మిగిలాడు. ఇప్పుడు ఓడకి నేనే రాజుని. ఎలకలు నా సైన్నం."

"ఆ సంతకం నువ్వెట్టకపోతే అందరితో పాటే వచ్చీవోడివి."

"మల్లా మొదలెట్టకే."

"మొదలెట్టకేటి? అంతమంది ఎనక్కి తప్పుకుంటే నీకెందుకు అనుమానం రాలేదు?"

"ఎలా వస్తాది? ఓడ యజమాని ఒగ్గేసి పోయాడు, కోర్టు ఓడని పట్టుకుంది. ఆపీసరొచ్చి, ఎవులో ఒకలు సంతకం ఎట్టాలన్నాడు. నేను సాచ్చి సంతకం అనుకున్నాను. మనూల్లో పెల్లికి, పొలానికి సాచ్చెట్టమంటే కాదన్నోడెవుడు? కాదంటే ఊల్లో తలెత్తుకోగలమా? మా నాన్న బతికున్నన్నాల్లూ సాచ్చి సంతకాలే ఎట్టాడు. నేనూ ఎట్టీసినాను. ఓడ అమ్ముడయ్యీదాకా కాపలా నీదే, దిగితే జైలు అని తరవాత సెప్పారు. పద్నాలుగు నెల్లు."

"నిన్నని ఏటి లాబంలే బావా. ఇక్కడ మాత్రం మేమేటి సేయగలిగాం?"

"అమ్మ ఎన్ని సోమారాలెల్లింది గ్రీవెన్సుకి?"

"ముప్పై ఏడు."

"రసీదులు దాసిందా?"

"అన్నీ ఉన్నాయి. నడుంకి కట్టుకున్న సంచిలోనే. ఒక్కటీ పారెయ్యలేదు. రసీదు మీద నంబరేసి ఇస్తారు కదా, బస్సులో ఆ నంబర్లే సదువుకునీది. సదువు రాపోయినా."

"ఆ సంచి ఇప్పుడెక్కడుంది?"

"నాకాడే ఉంది."

"నీకాడెందుకుంది? అమ్మ ఎప్పుడూ నడుం నించి తియ్యదు కదా."

"తానం సేస్తంటే తడిసిపోతాదని తీసిచ్చింది బావా."

"ఓహో. తానం సేయించారా."

"సేయించడమేటి? అదే సేసుకుంది."

"అదేలే."

"ఒలే బవానీ, ఎక్కడున్నావే? ఈడ పటం కాడ దీపం కొండెక్కీసింది. నూనెక్కడెట్టావు?"

"వస్తన్నాను కూర్మమ్మ పెద్దమ్మా. ఒక్క నిమిషం."

"ఆ గొంతు కూర్మమ్మ పెద్దమ్మది కదా. ఏ పటం?"

"దేవుడి పటం బావా. సూరయ్య మావింట్లో... నూనె అయిపోయిందంట, మననడుగుతన్నారు."

"ఎల్లు. ఎల్లి పోసిరా."

"ఫోనెట్టేస్తావా?"

"ఎట్టెయ్యను. ఉంటాను. దీపం ఆరిపోనివ్వకే. ఈయేలంతా ఆరకండా సూడు. మంచిది కాదు."

"నాన్నా, ఫోను పట్టుకో. మాటాడకు. ఉత్తినే పట్టుకో."

"మావా, ఉన్నావా?"

"ఉన్నాను రా."

"మాటాడొద్దని సెప్పిందా?"

"అదేం లేదు. దాని సేతికి నూనంటుతాదని ఇచ్చింది."

"మావా, సోమారం అమ్మ ఆపీసు నించి వచ్చాక అన్నం తిందా?"

"ఏ సోమారం?"

"మొన్న కాదు, ఆ ముందరి సోమారం."

"తింది రా. రెండుపాలు ఏయించుకోని తింది. సారంటే సారు కాదురా, ఎంత మంచోడో, కూకోమని కుర్సీ ఏసినాడు అని సెప్పింది. నీ కొడుకొచ్చేస్తాడమ్మా అన్నాడంట ఆ సారు. ఆ మాట నాలుగిల్లల్లో సెప్పుకోని వచ్చింది. తింది. పడుకుంది."

"అయితే సంతోసంగానే పడుకుంది."

"అవున్రా. సంతోసంగానే... వచ్చింది, వచ్చింది, పిల్లొచ్చింది. ఇదిగో."

"ఏటి మాటాడినారు బావా?"

"ఏటీ లేదు. దీపం ఎలిగించావా?"

"ఎలిగించేను. మరి ఎల్కానో తల్లి సంగతి?"

"ఆ, అది. పద్దెనిమిదిమంది వచ్చారని సెప్పినరోజు అమ్మ ఏటందో తెల్సా? పద్దెనిమిదిమంది వచ్చారు సరేరా, మిగతావోల తల్లులకి కబురు ఎవుడు సెప్పేడు, ఆ ఎల్కన్నకి తల్లి ఉండీదా అంది. నేను ముసలాయన్నడిగేను. ముందు నవ్వినాడు. మల్లా నవ్వలేదు. తెలీదు, ఎవులూ రాసుకోలేదేమో అన్నాడు. కానీ ఎల్కానో తల్లి గురించి తెల్సన్నాడు. మొన్న ఆదివారం కూకోని సెప్పినాడు."

"మరి ఆడు బతికొచ్చాడు కదా. ఇంక తల్లికేటి బాద?"

"రాజు ఆడికి బూగోలం బొమ్మ ఇచ్చాడు, మీ వంశం గుర్తుగా ఎట్టుకోమని. ఏటేటా బత్తెం ఇస్తానని కాయితం కూడా రాసిచ్చాడు. బొమ్మొచ్చింది గానీ బత్తెం రాలేదు. మూడేల్లు తిరక్కుండా ఆడు మల్లా ఓడెక్కీసినాడు."

"అంత సచ్చి బతికినోడు మల్లా ఎందుకెక్కినాడు?"

"నేనెందుకెక్కేను? మూడోపాలి."

"అదీ నిజమే. మరి ఆడేటైనాడు?"

"ఈపాలి రాలేదు. నడి సముద్రంలో జబ్బుసేసి పోయాడు. నీల్లల్లోనే దింపీసినారు."

"అయ్యో."

"తల్లి పేరు కేటలీనా. ఆవిడ ఇంట్లో కూకోలేదే. రాజుగారి ఆపీసుకి అర్జీలు ఎడతానే ఉంది. నా కొడుకు పడ్డ కస్టానికి రావలసింది నాకియ్యండి అనీసి. ఏల్ల తరబడి. ముసిల్దైపోయి కూడా."

"ఇచ్చారా?"

"ఎంతిచ్చారో, ఎప్పుడిచ్చారో ముసలాయనకి తిన్నగా తెలీదు. అర్జీలు మాత్రం ఇప్పటికీ కాయితాల్లో ఉన్నాయంట. ఐదొందల ఏల్లు. అమ్మ రసీదుల్లాగ."

"అత్తకి సెప్తాను బావా."

"సెప్పు. నీలాంటిదే ఇంకోత్తి ఉండీది అమ్మా, ఆవిడా ఊరుకోలేదు అని సెప్పు. ఈయేలే సెప్పు. ఆకు ఎత్తీకముందే సెప్పు."

"ఆకు ఎత్తడమేటి?"

"అమ్మ ఆకు కాడ ఉందన్నావు కదే. తిన్నాక మల్లా ఎక్కడికెల్తాదో, నీకు దొరకదు."

"బావా."

"ఊ."

"నువ్వు నాకొక మాటియ్యాల. నీల్లల్లోకి దూకేస్తానని అన్నావు కదా. రెండుపాలన్నావు. ఇంకెప్పుడూ అనకు. ఏటైనా సరే. ఎంత కబురైనా సరే."

"ఎంత కబురైనా అంటే?"

"ఉత్తినే అన్నాను. ఒట్టెయ్యి."

"ఎవులి మీద?"

"అత్త మీద."

"అమ్మ మీద ఇప్పుడు ఒట్టెలా ఎయ్యమంటావే... నీ మీదేస్తాను. దూకను. ఆదివారం దూకుదామనే అనుకున్నాను. అంచు మీదెక్కి కూకున్నాను. కిందకి సూస్తే నీల్లు నల్లగా, నూనె తేలుకోని. ముసలాయన పడవ వచ్చీదాకా అలాగే ఉన్నాను. ఆయన నన్ను సూసి కిందనించి కేకేసినాడు. నిచ్చినెక్కి వచ్చి, నా పక్కన కూకోని, అప్పుడు సెప్పినాడు ఆ కేటలీనా కత. కొడుకు నీల్లల్లో పోయాడు, తల్లి ఆపీసుల సుట్టూ తిరిగింది, ఇంకో తల్లికి ఆ పని ఎట్టకు అన్నాడు. నాకు తల్లి లేదు... నాకు తల్లి ఇక్కడ లేదు కదా, దూరంగా ఉంది కదా, ఆవిడకి తెలీదు కదా అన్నాను."

"ఏటైంది బావా ఆదివారం? ఎవులైనా ఏటైనా అన్నారా?"

"ఎవులున్నారే అనడానికి? ఓడ ఓడలాగే ఉంది."

"నాకు బయమేస్తన్నాది. నీ మొకం సూస్తే గానీ నా గుండె నిలబడదు. వీడియో ఎట్టు. నెట్టు లేదనకు. ఇంతసేపూ మాట తెగనేలేదు."

"ఎడితే ఏడవకూడదు."

"నేనెందుకేడుస్తాను?"

"అక్కడ పనులున్నాయి కదా నీకు. జనాలున్నారు. ఇంటి కోడలివి, నువ్వే అన్నీ సూసుకోవాల. సూరయ్య గృహప్రవేశం అయితే మాత్రం."

"ఎట్టు బావా, నీకు దండం ఎడతాను."

"మావనీ రమ్మను. ఇద్దరూ సూడండి."

"నాన్నా, ఆ సుట్ట పారేసి ఇటురా. బావ వీడియో ఎడతన్నాడు."

"కనపడతన్నానా?"

"మసగ్గా ఉంది... కదులుతన్నావు... ఆ, ఆ, కనపడతన్నావు. ఎంత సిక్కిపోయావు బావా. ఆ టోపీ ఏటి, తియ్యి, మొకం తిన్నగా సూడనీ."

"తీస్తన్నాను."

"బావా... జుత్తేది? ఆ గుండు ఏటి బావా?"

"ముసలాయన కత్తి తెచ్చాడు. పొద్దున్నే నేనే గీసుకున్నాను. మావా, ఎనకాల సరిగ్గా వచ్చిందా? నాకు కనపడదు."

"ఒరే గిరీ... నీకెవుడు సెప్పేడురా?"

"ఎవుడు సెప్తాడు మావా? కార్డు మీద పిలిసినోడి పేరు నాదే కదా. ఊరందర్నీ పిలిసి, నేను రాపోతే బాగుంటాదేటి?"